ఖుద్దూస్ భాయ్‌కి దేశం మంజూరైంది

పక్కింటివాణ్ని అనుమానించడం ఆరోగ్యానికి చాలా మంచిది!

నవ్వకండి. ఆధారాలతోనే రాస్తున్నాను. పొద్దున్నే వాకింగ్‌కు వెళితే మోకాళ్లు అరుగుతాయి. యోగా మొదలుపెడితే నడుము పట్టేస్తుంది. అదే గోడ మీదుగా పక్కింట్లోకి తొంగి చూశారనుకోండి, మెడకు వ్యాయామం, కళ్లకు వ్యాయామం, బుర్రకు మరీ వ్యాయామం. పైసా ఖర్చు లేదు! పైపెచ్చు దేశసేవ చేశామన్న తృప్తి ఒకటి. ఇన్ని లాభాలున్న పనిని కొందరు మేధావులు తప్పుబడుతున్నారంటే వాళ్లకు సరైన పక్కిల్లు దొరకలేదన్న మాట.

జాతీయత గొప్పదా, నానా మతాలూ నానా భాషలూ కలిసి బతకడం గొప్పదా, అసలు ఈ రెంటికీ పొత్తు కుదురుతుందా అని పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో సెమినార్లు పెడుతున్నారు. ఏసీ హాళ్లు, మెడలో బ్యాడ్జీలు, మధ్యాహ్నం బఫే భోజనాలు! ఏళ్లు గడిచినా తేలడం లేదు. పాపం, వాళ్లు ఆర్మూర్ బస్సెక్కి మా గల్లీకి వచ్చి ఉంటే పదిహేను రోజుల్లో తేలిపోయేది. మా భీమ్‌రావు తేల్చేశాడు. ఒకే ఒక్క ఫారంతో!

భీమ్‌రావు అంటే మీరు ఏ నాయకుడో అనుకునేరు. పసుపు అడ్తి దుకాణంలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. సీజన్‌లో ఆయన దర్జా చూడాలి. రైతు తెచ్చిన బస్తాలో చెయ్యి పెట్టి ఒక పసుపు కొమ్ము తీసేవాడు. చెవి దగ్గర పెట్టుకుని ఫట్‌మని విరిచేవాడు. విరిచిన చోట రంగు చూసేవాడు. "మంచిగున్నది" అంటే రైతు ముఖం విప్పారేది. "జర తెల్లగున్నది" అంటే ఆ రైతు కండువాతో ముఖం తుడుచుకుంటూ అక్కడే కూలబడేవాడు. పైన ఎంత పాలిష్ పట్టినా, ఎంత నిగనిగలాడినా భీమ్‌రావు నమ్మడు. విరవాల్సిందే! విరిచిన కొమ్మును ఆ దుకాణంలో మళ్లీ బస్తాలో వేసేవారు కాదు, పక్కనున్న గంపలో పడేసేవారు.

రిటైరయ్యాక పాపం ఆయన చేతులకు విరవడానికి ఏమీ లేకుండా పోయింది. సరిగ్గా ఆ సమయానికే కొడుకు బబ్లు దుబాయ్ నుంచి ఒక పెద్ద ఫోన్ పంపించాడు.

ఫోన్‌లో వాట్సాప్, వాట్సాప్‌లో గ్రూపులు, గ్రూపుల్లో హెచ్చరికలు! "మన మధ్యనే ఉన్నారు, జాగ్రత్త!" అని ఒకటి. "మీ పక్కనే ఉండవచ్చు, మేలుకోండి!" అని మరొకటి. ఎవరున్నారో ఎవరూ రాయరు. భీమ్‌రావు కళ్లజోడు సర్దుకుని వాకిట్లోకి వచ్చి చూశాడు. వాన పడుతోంది. టార్పాలిన్ కప్పుకుని మా గల్లీ డేవిడ్ ఆటో ఉంది. దాని పక్కన ఎవరిదో బర్రె తడుస్తూ నిలబడి ఉంది. ఆ బర్రెను కూడా ఆయన కాసేపు తేరిపార చూశాడు. ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు!

ఆగస్టు ఒకటో తారీఖున గల్లీ చివరి రేకుల షెడ్డులో మీటింగు పెట్టాడు. 'మన గల్లీ, మన దేశం కమిటీ' పుట్టింది. మనిషి పైకి ఎలా ఉన్నా లోపలి రంగు తెలియాలి కాబట్టి గల్లీలో అందరి చేతా దేశభక్తి ఫారం నింపించాలని తీర్మానం. పదకొండు మంది వచ్చారు. పదకొండు చేతులు లేచాయి. ఎందుకండీ ఇది అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు! అదీ ఐకమత్యమంటే. టీ, ఉస్మానియా బిస్కెట్లు అయ్యాక అందరం సంతోషంగా ఇళ్లకు పోయాం.

ఫారంలో పద్నాలుగు ప్రశ్నలు. రాసింది భీమ్‌రావే. మొదట భార్య ఆశమ్మకు చదివి వినిపించాడు.

"రెండో ప్రశ్న. మీ కుటుంబం ఈ ఊళ్లె నాలుగు తరాల సంది ఉన్నదా?"

ఆశమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తల ఎత్తలేదు. "మీ నాయిన ధర్మాబాద్ సంది ఎడ్లబండి మీద వచ్చిండు గద. నాలుగు తరాలు యాడియి?"

భీమ్‌రావు పెన్ను తీసి నాలుగును రెండుగా దిద్దాడు. ఎంత పట్టువిడుపు చూడండి!

"ఐదోది. విదేశాలల్ల మీకు చుట్టాలున్నరా?"

"బబ్లు యాడున్నడు మరి, గీ పక్కూరు బాల్కొండల ఉన్నడా?"

ఆర్మూర్‌లో దుబాయ్, మస్కట్, కువైట్‌లలో మనిషి లేని ఇల్లు ఉందా? ఈ ఒక్క ప్రశ్నతో మొత్తం ఊరు ఫెయిలయ్యేది. దాన్ని కొట్టేశాడు.

బబ్లు మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్య విషయం మనవి చేయాలి. బబ్లు ఉండే రూములో తొమ్మిది మంది. ఒకడు నేపాలీ, ఇద్దరు బంగ్లాదేశ్, ఒకాయన పెషావర్. వంట పెషావర్ ఆయనది. బబ్లుకు జ్వరమొస్తే గంజి కాచి తాగించిందీ ఆయనే. "అక్కడ మనోళ్లను మస్తు తక్కువ చూస్తరు. గంత పెద్ద దేశమాయె, అందరిని కలుపుకొని పోవాలె గద, జర ఇన్సానియత్ ఉండాలె గద!" అని భీమ్‌రావు దుబాయ్ మీద తరచూ మండిపడతాడు. మండిపడి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ మన గల్లీ ఫారం దిద్దుకుంటూ కూర్చుంటాడు. చూపు ఇంత విశాలంగా ఉండాలంటే దుబాయ్ అంత దూరం కావాలి కదా మరి!

ఎనిమిదో ప్రశ్న, విదేశీ తిండి తింటారా అని. ఆటో డేవిడ్ దాన్ని చదివి బుర్ర గోక్కున్నాడు. "సార్, మా బిడ్డ ఐదో క్లాస్ పుస్తకంల ఉన్నది. మిర్చి మనది గాదట. సముద్రం అవుతల సంది వచ్చిందట. టమాట గూడ గంతేనట. మక్కలు గూడ."

"మక్కలు గూడనా?"

"మక్కలు గూడ సార్."

భీమ్‌రావు ఆ దెబ్బకు గద్దె మీద కూర్చుండిపోయాడు. మిర్చి లేదు, టమాట లేదు, మక్కజొన్న లేదు. లెక్క తీస్తే స్వచ్ఛమైన స్వదేశీ భోజనం పసుపన్నం ఒక్కటే మిగిలింది. అదీ పోపులో ఎండుమిర్చి లేకుండా! దేశం కోసం ప్రాణమిచ్చే వాళ్లున్నారు గానీ కారం ఇచ్చే వాళ్లు తెలంగాణలో ఉన్నారా? ఎనిమిదో ప్రశ్న కూడా పోయింది. అలా పోగా పోగా నాలుగు మిగిలాయి. పేరు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, దేశం మీద ప్రేమ ఉందా, ఉంటే ఎంత. చివరిదానికి రుజువులు జతపరచాలి. అప్పుడు యాభై కాపీలు జిరాక్స్ తీయించాడు.

ఇక 'వాళ్ల' కోసం వెతుకులాట. భీమ్‌రావు ఫారాలు చంకన పెట్టుకుని గల్లీలోకి దిగాడు.

"సార్, మేము చర్చికి పోతం. గా వాళ్లు అంటే మేమేనా?" అన్నాడు డేవిడ్ భయంగా.

"ఛ ఛ! నువ్వు మనోడివిరా. దవాఖానకు ఎప్పుడు పిల్సినా ఆటో తెస్తవు. నీకెందుకు ఫారం!"

గల్లీ మొగదల గదిలో అద్దెకుంటున్న బీహార్ పిల్లలు? వాళ్లు లేకపోతే సీజన్‌లో పసుపు పాలిష్ పట్టే డ్రమ్ములు ఎవరు తిప్పుతారు? మనోళ్లే. మిఠాయి దుకాణం మార్వాడీ సేఠు? ఆగస్టు పదిహేనుకు ఆయన జిలేబీ లేకుండా జెండా ఎగురుతుందా? ముమ్మాటికీ మనోడే! ఎక్కడికి వెళ్లినా మనోళ్లే తగులుతున్నారు. 'వాళ్లు' ఒక్కరూ దొరకరు. ఫోన్‌లో మాత్రం గంటగంటకూ పెరిగిపోతున్నారు.

యాభై ఫారాలూ అలాగే ఉన్నాయి. జిరాక్స్ డబ్బుల సంగతి వదిలేయండి, కనీసం ఒక్కటైనా నిండకపోతే కమిటీ పరువేం కావాలి? ఎవరో ఒకరు శాంపిల్‌గా నింపాలి. అడిగితే ఏమీ అనుకోని మనిషి కావాలి. భీమ్‌రావు బాగా ఆలోచించాడు. అలాంటి మనిషి గల్లీ మొత్తంలో ఒక్కడే కనిపించాడు.

ఖుద్దూస్.

అదే అడ్తి దుకాణంలో కాంటా దగ్గర తూకం వేసిన మనిషి. భీమ్‌రావు విరిచి చూస్తే ఖుద్దూస్ తూచేవాడు. ముప్పై ఏళ్ల జోడీ. ఇళ్లు కూడా పక్కపక్కనే, మధ్యలో ఒకే గోడ. ఆ గోడలో ఎప్పుడో ఒక ఇటుక ఊడింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని మళ్లీ పెట్టలేదు. సాయంత్రం ఐదు కొట్టగానే ఆ కంతలోంచి ఒక స్టీలు గ్లాసు ఇవతలికి వచ్చేది. సొట్టలు పడి, అంచు వంగిన గ్లాసు. అందులో ఖుద్దూస్ భార్య బిల్కీస్ పెట్టిన చాయ్. ఆ వెనకే ఖుద్దూస్ గొంతు వచ్చేది. "అరె భీమ్యా, తాగుతవా, చల్లారబెడ్తవా?" అరవై మూడేళ్ల భీమ్‌రావును ఊళ్లో ఇంకెవరైనా భీమ్యా అని పిలవమనండి చూద్దాం! కొడతాడు. ఆ ఒక్క గొంతు పిలిస్తే మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా గోడ దగ్గరికి పోతాడు.

మీటింగు నాడు ఖుద్దూస్ చుట్టాల పెళ్లికి బోధన్ వెళ్లాడు. తిరిగొచ్చిన రోజునే ఫారం అందింది.

"నీ గురించి గాదు భాయ్," అన్నాడు భీమ్‌రావు గోడ కంతలోంచి కాగితం దూరుస్తూ. "నువ్వు మనోడివే. గా వాళ్ల గురించి. జర నింపియ్యి, శాంపిల్‌కు. నువ్వైతే ఏమనుకోవు గద అని నీకే ఇస్తున్న."

అవతల కాగితం మడత విప్పిన చప్పుడైంది. తర్వాత ఖుద్దూస్ గొంతు వచ్చింది. "నింపుత."

ఆశమ్మకు ఈ సంగతి తెలిసి గరిటె చేత్తోనే బయటికి వచ్చింది. "ఏమయ్యా, నీకేమన్న పిచ్చి లేసిందా? నీ కొడుకు పుట్టిన్నాడు నన్ను దవాఖానకు తోల్కపోయింది ఎవ్వరు? నువ్వు దుకాణంల కొమ్ములు ఇరుస్తుంటివి. బిల్కీస్ వచ్చింది. గామెకు ఫారమా?"

"శాంపిల్ అంటే సమజ్ గాదా నీకు?" అన్నాడు భీమ్‌రావు. సైద్ధాంతిక విషయాలు ఆడవాళ్లకు అర్థం కావని ఆయన నమ్మకం.

మర్నాడు ఫారం వచ్చింది. గుండ్రటి తెలుగు అక్షరాలు, కొట్టివేతలు లేవు. పేరు ఖుద్దూస్. ఎన్నాళ్లుగా ఉంటున్నారు? 'ఐదు తరాలు. అంతకుముందుది అడగనీకి ఎవ్వరు లేరు.' దేశం మీద ప్రేమ ఉందా? 'ఉన్నది.' ఉంటే ఎంత? 'ముప్పై ఏండ్లు తూకం ఏసిన. దీన్ని తూచే కాంటా దొరకలే. దొరికినంక రాస్త.' రుజువులుగా రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ముత్తాత గోరీ ఫొటో జతచేశాడు.

భీమ్‌రావు మురిసిపోయాడు. "రంగు మంచిగున్నది!" అన్నాడు పైకే. ఫారం పైన మంజూరు అని ఎర్రసిరాతో రాశాడు.

సాయంత్రం ఐదైంది. కంతలోంచి గ్లాసు రాలేదు. వీధి తలుపు చప్పుడైంది. ఖుద్దూస్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ట్రేతో నిలబడి ఉన్నాడు. ట్రేలో పూల కప్పు, సాసర్, నాలుగు బిస్కెట్లు, మడిచిన టిష్యూ పేపర్.

"తీస్కోండ్రి భీమ్‌రావు గారూ," అన్నాడు.

భీమ్‌రావు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. గారు అన్నది తననే.

చూశారా ఫారం మహిమ! ముప్పై ఏళ్లుగా లేని మర్యాద ఒక్క కాగితంతో వచ్చేసింది. గోడ కంతలోంచి సొట్టగ్లాసులు అందించుకునే అనాగరిక దశ నుంచి మా గల్లీ కప్పూ సాసరు నాగరికతలోకి అడుగుపెట్టింది. అరుపులు లేవు, భీమ్యా లేదు. ఎటు చూసినా శాంతి. భీమ్‌రావు మాత్రం ఆ చాయ్‌ని సగం కప్పులోనే వదిలేశాడు. మంజూరైనట్టు కమిటీ సర్టిఫికెట్ ఇంకా చేతికి ఇవ్వలేదు కదా, అందుకే ఖుద్దూస్ అలిగాడనుకున్నాడు. ఇచ్చేస్తే సరిపోతుంది.

ఆగస్టు పదిహేను వచ్చింది. డేవిడ్ ఆటో మీద మైకు కట్టారు. జెండా ఎగిరింది, జిలేబీలు పంచారు. భీమ్‌రావు మైకు అందుకుని ఖుద్దూస్‌ను పైకి పిలిచాడు. శాలువా కప్పాడు. "ఖుద్దూస్ భాయ్ నూటికి నూరు పాళ్లు మనోడే అని మన కమిటీ తేల్చింది!" అని గొంతు బొంగురుపోయేలా ప్రకటించాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఐదు తరాలుగా ఉన్న మనిషికి మేం ఆ రోజు ఊళ్లో చోటిచ్చాం. ఇంత పెద్ద మనసు ఏ దేశంలో చూస్తారు? ఖుద్దూస్ సర్టిఫికెట్ రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, నేరుగా లామినేషన్ షాపుకు వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా అది ఆయన ఇంటి ముందు, కరెంటు మీటరు పక్కన మేకుకు వేలాడుతోంది.

సాయంత్రం భీమ్‌రావు ఐదుకు పది నిమిషాల ముందే గోడ దగ్గర కూర్చున్నాడు. ఐదైంది. వీధి తలుపు చప్పుడైంది. మళ్లీ ట్రే, మళ్లీ పూల కప్పు!

భీమ్‌రావు ఇక పట్టలేకపోయాడు. "అరె ఖుద్దూస్! మంజూరైంది గద! మైకుల చెప్పిన, శాలువా కప్పిన! ఇంగ గీ సాసరెందుకు? నా గిలాస యాడున్నది?"

ఖుద్దూస్ ట్రేను మెల్లగా స్టూలు మీద పెట్టాడు. కోపం లేదు ముఖంలో. కోపముంటే భీమ్‌రావుకు కొంత నయంగా ఉండేది.

"ముప్పై ఏండ్లు మీ పక్కన నిలవడ్డ," అన్నాడు. "ఎన్ని కొమ్ములు ఇరిచిన్రో లెక్క లేదు. రంగు మంచిగున్నదని ఎన్నోసార్లు చెప్పిన్రు. మంచిగున్నది గదా అని, ఇరిచిన కొమ్మును మల్ల ఎన్నడన్న అతికించిన్రా?"

భీమ్‌రావు గోడ కంత వైపు చూశాడు.

"చాయ్ చల్లారుతది, తాగుండ్రి," అని ఖుద్దూస్ వెళ్లిపోయాడు.

భీమ్‌రావు చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఆశమ్మ వచ్చి చూసింది. "ఏడుస్తున్నవా?"

"కండ్లల్ల మిర్చి వడ్డది."

"వంటింట్లకే రాకపోతివి, మిర్చి యాడికెళ్లి వచ్చింది?"

"సముద్రం అవుతల సంది," అన్నాడు భీమ్‌రావు ముక్కు చీదుకుంటూ.

మర్నాడు ఆయన కమిటీని రద్దు చేశాడు. రద్దుకు మీటింగు పెట్టలేదు, ఎవరి చేతులూ ఎత్తమనలేదు. ఫోన్‌లో గ్రూపులన్నిట్లోంచీ బయటికొచ్చాడు. మిగిలిన నలభై తొమ్మిది ఫారాలు ఆశమ్మ వంటింటి అరల్లో డబ్బాల కింద పరిచింది. తర్వాత భీమ్‌రావు ఖుద్దూస్ లేని సమయం చూసి బిల్కీస్‌ను అడిగి తన సొట్టగ్లాసు తెచ్చుకున్నాడు. సాయంత్రం ఐదింటికి దాన్ని గోడ కంతలో పెట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు.

గ్లాసు తిరిగొచ్చింది. శుభ్రంగా కడిగి ఉంది, ఖాళీగా ఉంది.

మర్నాడూ పెట్టాడు. మళ్లీ ఖాళీ. మూడో నాడు, నాలుగో నాడు కూడా అంతే. ఆశమ్మ ఇంట్లో చాయ్ పెడతానన్నా వద్దన్నాడు. ఐదో నాడు వాన దంచికొట్టింది. గొడుగు పట్టుకుని మరీ కూర్చున్నాడు. ఆరో నాడు గ్లాసు వేడిగా వచ్చింది! సగం నిండి ఉంది. ఆత్రంగా తాగాడు. చక్కెర లేదు, చేదుగా ఉంది.

"చక్కెర మర్సిపోయిన్రు," అన్నాడు కంతలోకి వంగి, భయం భయంగా.

"మర్వలే భయ్యా!" అని అవతలి నుంచి బిల్కీస్ గొంతు వినిపించింది. "మీ ఫారం యాడున్నది? గల్లీ మొత్తంల నింపింది మేమొక్కలమే. మీది మంజూరైనంక చక్కెర ఏస్తం!"

ఆమె వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నట్టే ఉంది గానీ భీమ్యా అన్న పిలుపు మాత్రం ఇంకా రాలేదు. భీమ్‌రావు ఆ చేదు చాయ్‌ను చుక్క మిగలకుండా తాగాడు. వంటింట్లోకి వెళ్లి పప్పు డబ్బా కింద నుంచి ఒక ఫారం లాక్కుని, ప్రేమ ఉంటే ఎంత అన్న ప్రశ్న దగ్గర పెన్ను పట్టుకుని ఇప్పటికీ కూర్చునే ఉన్నాడు.

అందుచేత పాఠకులారా, ఫారం వల్ల లాభాలు అనేకం అని మరోసారి మనవి చేస్తూ, ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. రేకుల షెడ్డులో లేచినవి పదకొండు చేతులన్నాను కదా. పదకొండోది నాది. నేను భీమ్‌రావు ఇంటికి మూడో ఇంట్లో ఉంటాను. నాకూ ఖుద్దూస్ ఇంట్లో ఒక సొట్టగ్లాసు ఉండేది. భీమ్‌రావు కనీసం గోడ దగ్గరికి వెళ్లి ఫారం ఇచ్చాడు, కనీసం గ్లాసు పెట్టి వానలో కూర్చున్నాడు. నేను ఎత్తిన చెయ్యి దించి, బిస్కెట్ తిని, ఇంటికొచ్చి జాతి సమైక్యత మీద వ్యాసం రాసుకున్నాను.

నిన్న ఖుద్దూస్ ఇంటికి వెళ్లాను. "రాండ్రి సార్, కూసోండ్రి," అన్నాడు. ట్రే వచ్చింది. పూల కప్పు, సాసర్, నాలుగు బిస్కెట్లు.

నా చాయ్‌లో చక్కెర సరిగ్గా సరిపోయింది.